ప్రిన్స్‌టన్ ఐన్‌స్టీన్ ఆడియో టూర్: అంతా బాగానే ఉంది, అసలు స్టాప్ దగ్గరే తొందరపడ్డారు

రేటింగ్ ముందే చెప్పేస్తాను. ఐదుకి మూడున్నర. పోయిన ఒకటిన్నరలో ఒకటి పూర్తిగా ఒకే ఒక్క స్టాప్ వల్ల పోయింది. ఈ రివ్యూలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది కాబట్టి పార్కింగ్, బాత్రూములు, ఎంతసేపు పడుతుంది లాంటివి మాత్రమే కావలసినవాళ్ళు తిన్నగా చివరికి వెళ్ళిపోవచ్చు.

ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టీన్ ఉన్న చోట్లు, తిరిగిన చోట్లు ఫోన్‌లో వింటూ నడిచే టూర్ ఇది. మనిషి గైడ్ ఉండడు. 14 డాలర్లు కట్టి డౌన్‌లోడ్ చేసుకుంటే, మనం ఆ చోటికి చేరగానే దానంతట అదే మొదలవుతుంది. చిన్న కంపెనీ వాళ్ళది. పేరు రాసి వాళ్ళ పొట్ట కొట్టడం నాకిష్టం లేదు, రాయను. ఈ ఊళ్ళో ఇలాంటివి కొనేవాళ్ళు ఏం చూసుకోవాలో చెబితే చాలు.

నేను ఇక్కడే న్యూజెర్సీలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో చేస్తాను. జరిగిన దానికీ కాగితం మీద రాసిన దానికీ తేడా పట్టుకోవడమే నా ఉద్యోగం. నాతో వచ్చినవారు మా మావయ్యగారు. డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యారు. ఎవరు ఏ పదవి గురించి మాట్లాడినా "ఆ పదవికి అధికారాలేమిటి?" అని మొదలుపెడతారు. మా ఇద్దరికీ ఒకేసారి టికెట్ అమ్మడం ఆ కంపెనీ దురదృష్టం అనుకోండి.

టూర్ మొదలయ్యేది నాసో స్ట్రీట్ పక్కనున్న ఐన్‌స్టీన్ కంచు విగ్రహం దగ్గర. ఫోటో తీసుకోండి, ముందుకి నడవండి. అక్కడ చెప్పేదంతా పుట్టిన తేదీ, నోబెల్ ప్రైజు, జుట్టు. తర్వాత యూనివర్సిటీలోకి తీసుకెళ్ళి పాత ఫైన్ హాల్ చూపిస్తారు. ఇప్పుడు దాన్ని జోన్స్ హాల్ అంటున్నారు. 1933లో ఐన్‌స్టీన్ అమెరికా వచ్చినప్పుడు ఆయన పనిచేసిన పరిశోధన సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీకి సొంత భవనం లేదు. 1939లో ఫల్డ్ హాల్ కట్టేదాకా అందరూ ఇక్కడే సర్దుకున్నారు. దేవుడు గడుసువాడే గానీ దుర్మార్గుడు కాడు అన్న ఆయన మాట ఇక్కడ ఒక గదిలో చలిమంట గూడు మీద జర్మన్‌లో చెక్కి ఉంది. ఆ కథ ఆడియోలో చాలా బాగా చెప్పారు. చెప్పే ఆవిడ గొంతు తొందర లేకుండా, స్పష్టంగా ఉంది. ఐన్‌స్టీన్ మాటలు చదివే నటుడు మాత్రం జర్మన్ యాసని సాగదీసి సాగదీసి కార్టూన్ చేసేశాడు. మావయ్యగారు రెండో స్టాప్‌లోనే "ఈ పిల్లాడిని కాస్త ఆపమనమ్మా" అన్నారు. ఆ గొంతు ఒక్కటే ఆపే బటన్ లేదు.

ఇక మెర్సర్ స్ట్రీట్, 112వ నంబరు.

తెల్లటి చెక్క ఇల్లు, ముందు చిన్న వరండా. 1935లో కొన్నారు, 1955లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. దీన్ని మ్యూజియం చేయొద్దని ఆయనే చెప్పి వెళ్ళారు, అందుకే ఇప్పటికీ మామూలు నివాసం. లోపలికి రానివ్వరు. కాబట్టి మీరు చేయగలిగిందల్లా ఎదురుగా కాలిబాట మీద నిలబడి చెవిలో పడేది వినడం. అంటే టూర్ మొత్తంలో ఆడియో నాణ్యత మీద అన్నిటికన్నా ఎక్కువ ఆధారపడే చోటు ఇదే. అందులోనూ వాళ్ళు ఇక్కడ ఎంచుకున్న కథ 1952 నవంబరు నాటిది: ఇజ్రాయెల్ అధ్యక్ష పదవి ఇస్తామంటే ఐన్‌స్టీన్ వద్దన్న కథ. ఎంపిక అద్భుతం. నాలుగు నిమిషాల్లో ముగించడమే అన్యాయం.

ముందు బాగున్న భాగం చెబుతాను, ఎందుకంటే నిజంగానే బాగుంది. ఇజ్రాయెల్ మొదటి అధ్యక్షుడు హైమ్ వైజ్‌మన్ 1952 నవంబరు 9న చనిపోయాడు. ఆయనా శాస్త్రవేత్తే, కెమిస్ట్. ఆ స్థానంలో ఐన్‌స్టీన్‌ని కూర్చోబెట్టాలని మారీవ్ అనే పత్రిక రాసింది. ప్రధాని బెన్ గురియన్ ఆ మాట పట్టుకున్నాడు. ఐన్‌స్టీన్‌కి ఈ సంగతి మొదట తెలిసింది న్యూయార్క్ టైమ్స్‌లో ఒక చిన్న వార్త చూసి. ఇంట్లో ఆయనతోపాటు సెక్రటరీ హెలెన్ డ్యూకాస్, సవతి కూతురు మార్గట్ ఉండేవారు. అందరూ నవ్వుకున్నారు. తర్వాత విలేఖరుల ఫోన్లు మొదలయ్యాయి, నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత టెలిగ్రాం వచ్చింది, వాషింగ్టన్‌లో ఇజ్రాయెల్ రాయబారి అబ్బా ఎబాన్ దగ్గర్నుంచి. అధికారికంగా అడగడానికి రేపు మా మనిషిని పంపమంటారా అని. నేను ఎలాగూ కాదనేదానికి ఆ మనిషి అంత దూరం నుంచి రావడం ఎందుకు అని ఐన్‌స్టీన్ బాధ. డ్యూకాస్ ఎబాన్‌కి ఫోన్ కలిపింది. నేను దానికి తగినవాడిని కాను, నావల్ల కాదు అని ఐన్‌స్టీన్ ఫోన్‌లోనే చెప్పేశారు. ఎబాన్ జవాబు నాకు బాగా నచ్చింది: మీరు ఫోన్ చేసి వద్దన్నారని నేను మా ప్రభుత్వానికి చెప్పలేను, పద్ధతి ప్రకారం అడగాల్సిందే. మా ఆఫీసులో రోజూ వినే మాట ఇది. నోటిమాట చెల్లదు, కాగితం కావాలి.

అలా నవంబరు 17 తేదీ వేసిన ఉత్తరం పట్టుకుని డేవిడ్ గోయిటీన్ అనే దౌత్యవేత్త ఈ ఇంటికి వచ్చాడు. వచ్చేసరికి ఐన్‌స్టీన్ జవాబు సిద్ధంగా ఉంది. జీవితమంతా లాయరుగా బతికాను, నా వాదన వినిపించకముందే ప్రతివాదం చేతికి రావడం ఇదే మొదటిసారి అని గోయిటీన్ నవ్వాడట. ఈ ముక్క ఆడియోలో వింటూ ఆ వరండా వైపు చూస్తుంటే 14 డాలర్లు గిట్టుబాటైనట్టే అనిపించింది. ఎబాన్ ఉత్తరంలో షరతు కూడా చదివి వినిపించారు: ఒప్పుకుంటే ఇజ్రాయెల్‌కి మారాలి, అక్కడి పౌరసత్వం తీసుకోవాలి, మీ పరిశోధనకి మాత్రం పూర్తి స్వేచ్ఛ ఇస్తాం. ఐన్‌స్టీన్‌కి అప్పటికి 73 ఏళ్ళు. 1940లో అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. 1948 చివర్లో పొట్టలో రక్తనాళం ఉబ్బిందని ఆపరేషన్ కూడా అయింది.

మొదటి తప్పు ఇక్కడ కాదు, యాప్‌లో ఈ స్టాప్ కింద రాసిన వివరణలో ఉంది. అక్కడ "ప్రధానమంత్రి పదవి" అని ఉంది! ఆడియోలో సరిగ్గా అధ్యక్ష పదవి అనే అన్నారు, కింద అక్షరాల్లో ప్రధాని అయిపోయింది. వాట్సాప్‌లో తిరిగే ఐన్‌స్టీన్ పోస్టుల్లో కూడా ఇదే తప్పు చూస్తుంటాం. మావయ్యగారు కళ్ళజోడు పైకెత్తి ఫోన్ దగ్గరగా పెట్టుకుని చదివారు.

"ఇదేమిటమ్మాయ్, అడిగినవాడే ప్రధాని. తన కుర్చీ తనే ఇస్తానన్నాడా?"

"అచ్చుతప్పేమో మావయ్యగారూ."

"అచ్చుతప్పు కాదు. రెండూ ఒకటే అనుకునేవాళ్ళు రాశారు. తేడా తెలియకపోతే ఆయన ఎందుకు వద్దన్నాడో కూడా తెలియదు."

ఆయన అన్నది నిజమేనని పక్క నిమిషంలోనే తేలింది. కారణం చెప్పాల్సిన చోట ఆడియో ఏం చేసిందంటే, నవంబరు 18 నాటి జవాబులోంచి రెండు వాక్యాలు ఆ కార్టూన్ గొంతుతో చదివించి, వెంటనే మేజోళ్ళ దగ్గరికి దూకింది. ఆ తర్వాత రెండు రోజులకి న్యూయార్క్‌లో ఒక విందులో ఎబాన్‌కి ఐన్‌స్టీన్ కనిపించారు, సూటు బూటు కార్యక్రమం, ఈయన కాళ్ళకి మేజోళ్ళు లేవు. హహహ. సంగీతం. పెద్దవాడైపోయాడు, అమాయకుడు, మనుషులతో మసలడం రాదు, అందుకే వద్దన్నాడు అన్న అభిప్రాయంతో మనల్ని తర్వాతి స్టాప్‌కి తోసేస్తుంది.

ఇంటికొచ్చాక ఉత్తరం మొత్తం వెతుక్కుని చదివాను. చిన్నదే. మన ఇజ్రాయెల్ దేశం నుంచి వచ్చిన ఈ మాట నన్ను లోతుగా కదిలించింది, ఒప్పుకోలేకపోతున్నందుకు బాధగానూ సిగ్గుగానూ ఉంది అని మొదలవుతుంది. జీవితమంతా పదార్థాల లోకంతోనే గడిపాను, మనుషులతో సరిగా వ్యవహరించే సహజమైన నేర్పు, అధికార బాధ్యతలు నడిపే అనుభవం రెండూ నాకు లేవు అంటారు. ఇంతవరకూ ఆడియోలో ఉంది. కోసేసిన ముక్క దీని తర్వాతది. వయసు మీదపడి ఓపిక తగ్గకపోయి ఉన్నా సరే, ఈ కారణాలొక్కటే చాలు నేను ఆ పదవికి తగనని చెప్పడానికి అని రాశారు. అంటే వయసుని కారణాల పట్టికలోంచి స్వయంగా పక్కన పెట్టారు. ఆడియో దాన్నే ముందుకి తెచ్చింది. ఆ తర్వాత, యూదు ప్రజలతో నా బంధమే నాకున్న మానవ బంధాలన్నిటిలోకీ బలమైనదని ఒక వాక్యం. దాని తర్వాత వైజ్‌మన్ గురించి గౌరవంగా నాలుగు మాటలు, ఈ కష్టమైన బాధ్యత మోయగలవాడు దొరకాలని కోరిక. రెండు నిమిషాల్లో చదివేయొచ్చు. మొత్తం వినిపిస్తే పోయేదేముంది? మేజోళ్ళు కాస్త ఆగేవి.

ఇంతకన్నా పెద్ద లోటు ఇంకొకటి. మూడు రోజుల తర్వాత, నవంబరు 21న, ఈ గోల మొదలుపెట్టిన మారీవ్ సంపాదకుడు అజ్రియెల్ కార్ల్‌బాక్‌కి ఐన్‌స్టీన్ ఇంకో ఉత్తరం రాశారు. ప్రభుత్వమో పార్లమెంటో నా మనస్సాక్షికి విరుద్ధమైన నిర్ణయం తీసుకుంటే ఇబ్బందికరమైన పరిస్థితి వస్తుంది, జరిగేదాన్ని మార్చే శక్తి మనకి లేనంత మాత్రాన నైతిక బాధ్యత తప్పిపోదు అని అందులో ఉంది. రాయబారికి రాసినదాంట్లో మర్యాద, పత్రికాయనకి రాసినదాంట్లో అసలు సంగతి. మొదటిది చదివి రెండోది చదవకపోతే ఐన్‌స్టీన్ ఒక బెరుకు ముసలాయన. రెండూ చదివితే, ఆ పదవి ఎలాంటిదో బాగా తెలిసి వద్దన్న మనిషి. టూర్‌లో ఈ రెండో ఉత్తరం ఊసే లేదు. నా ఒక స్టార్ అక్కడ పోయింది.

మావయ్యగారికి ఇది చదివి వినిపిస్తే ఎగిరి గంతేశారు. "నేను చెప్పలా! అధ్యక్షుడు సంతకం పెడతాడు, నిర్ణయం మంత్రివర్గానిది. నోరున్నవాడికి ఆ కుర్చీ నరకం." వైజ్‌మన్ కూడా అలాగే విసుక్కునేవాడట. నా ముక్కు దూర్చడానికి వీలున్నది నా జేబురుమాల్లోకే అన్నాడని చెప్పుకుంటారు. నేను ఊరుకోకుండా, మరి మన కలాం గారు శాస్త్రవేత్తే కదా, ఒప్పుకున్నారు కదా అన్నాను. "ఒప్పుకున్నాడు. 2006లో లాభదాయక పదవుల బిల్లు వెనక్కి పంపాడు. పార్లమెంటు మళ్ళీ పాస్ చేసింది. ఏం చేశాడు? సంతకం పెట్టాడు. పెట్టాలి, రాజ్యాంగం అది. ఐన్‌స్టీన్‌కి అదే కుదరదు." ఆ తర్వాత అరగంట ఆర్టికల్ 111. మీకు వద్దులెండి.

ఐన్‌స్టీన్ విషయంలో ఆ ఇబ్బంది ఊహలోంచి పుట్టింది కాదు. 1921లో వైజ్‌మన్‌తో కలిసి అమెరికా తిరిగి జెరూసలెం హీబ్రూ యూనివర్సిటీకి చందాలు పోగుచేసిన మనిషి ఆయన. అప్పుడు ఓడ ప్రయాణంలో ఐన్‌స్టీన్ నాకు రోజూ తన సిద్ధాంతం వివరించాడు, దిగేసరికి అది అతనికి అర్థమైందని నాకు నమ్మకం కుదిరింది అని వైజ్‌మన్ జోక్. అంత దగ్గరితనం ఉన్నా, 1929లో ఆ వైజ్‌మన్‌కే ఉత్తరం రాస్తూ అరబ్బులతో నిజాయితీగా కలిసి బతికే దారి కనుక్కోలేకపోతే మన రెండువేల ఏళ్ళ బాధల్లోంచి మనం నేర్చుకున్నది సున్నా అన్నారు. 1938లో న్యూయార్క్‌లో మాట్లాడుతూ, సరిహద్దులు, సైన్యం ఉన్న యూదు రాజ్యం కన్నా అరబ్బులతో ఒప్పందమే నాకు ఇష్టం అన్నారు. 1948 డిసెంబరులో ఇజ్రాయెల్ రాజకీయ నాయకుడు మెనాహెం బెగిన్ అమెరికా వచ్చినప్పుడు, అదే ఏడాది దేర్ యాసిన్ అనే అరబ్బు గ్రామంలో జరిగిన ఊచకోతని గుర్తుచేస్తూ అతని పార్టీని కడిగేసిన బహిరంగ లేఖ న్యూయార్క్ టైమ్స్‌లో వస్తే దాని మీద తత్వవేత్త హన్నా ఆరెంట్‌తోపాటు ఐన్‌స్టీన్ సంతకం కూడా ఉంది. ఈ మనిషిని జెరూసలెంలో కూర్చోబెట్టి ప్రతి కాగితం మీదా సంతకం పెట్టమంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. అధ్యక్షుడినైతే ఆ జనానికి వినడానికి ఇష్టం లేని మాటలు కొన్నిసార్లు చెప్పాల్సి వచ్చేది అని మార్గట్‌తో కూడా అన్నారట.

బెన్ గురియన్‌కి మాత్రం ఇది తెలియదా? ఆడియోలో అది ఉంది, మెచ్చుకోవాలి. ఆయన దగ్గర కార్యదర్శిగా ఉన్న యిట్జాక్ నవోన్‌ని పిలిచి, ఐన్‌స్టీన్ సరేనంటే ఏం చేయాలో చెప్పు, అడగక తప్పదు కాబట్టి అడిగాను, ఒప్పుకున్నాడా మన పని అయిపోయినట్టే అన్నాడట. ఈ నవోన్ తర్వాత 1978లో తనే ఇజ్రాయెల్ అధ్యక్షుడయ్యాడు. వినగానే నేను రోడ్డు మీదే నవ్వేశాను. కానీ ఎందుకు భయపడ్డాడో చెప్పకుండా ఈ జోక్ వేస్తే వినేవాడికి సగమే అందుతుంది. పైన రాసినవాటిలో ఒక్కటి కలిపినా సరిపోయేది. చివరికి డిసెంబరు 8న ఇజ్రాయెల్ పార్లమెంటు యిట్జాక్ బెన్ జ్వీని ఎన్నుకుంది. అదీ లేదు టూర్‌లో, ఐన్‌స్టీన్ కాదన్న కుర్చీ ఖాళీగానే మిగిలిపోయినట్టు ఆపేశారు.

ఈ రెండు సంగతులూ, ప్రధాని అచ్చూ, కంపెనీకి మెయిల్ పెట్టాను. నవంబరు 21 నాటి ఉత్తరం కలపమని కూడా అడిగాను. మర్యాదగానే జవాబిచ్చారు. ప్రధాని అన్నది దిద్దుతామన్నారు, దిద్దారు కూడా, చూశాను. ఉత్తరం విషయంలో మాత్రం, జనం ఒకచోట నాలుగు నిమిషాలకి మించి నిలబడరని తమ అనుభవం అన్నారు. అక్కడ ఎండలో చేతులు వెనక్కి కట్టుకుని, అయిపోయిన ఆడియోని రెండోసారి పెట్టించుకుని విన్న మా మావయ్యగారిని వాళ్ళు చూడలేదు పాపం. నిలబడలేని వాళ్ళకోసం చిన్నది, కావలసిన వాళ్ళకోసం "ఇంకా వినండి" అని ఒక బటన్ పెడితే సరిపోతుంది. యూనివర్సిటీ స్టాప్‌లో అలాంటి బటన్ ఉంది మరి.

మెర్సర్ స్ట్రీట్ నుంచి ఇన్‌స్టిట్యూట్ దాకా ఆయన రోజూ నడిచిన దారి, మైలుకి కాస్త పైన. ఆయనకి కారు నడపడం రాదు. ఈ నడకలో ఆడియో ఎక్కువసేపు మౌనంగా ఉంటుంది, అది హాయిగా ఉంది, చెట్ల నీడ ఉంది. ఫల్డ్ హాల్ బయట చివరి స్టాప్. అక్కడ ఆయన చివరి రోజుల గురించి చెబుతారు. 1955 ఏప్రిల్‌లో ఆసుపత్రికి వెళ్ళేటప్పటికి ఇజ్రాయెల్ ఏడో స్వాతంత్ర్య దినోత్సవానికి రేడియోలో చదవాల్సిన ప్రసంగం సగం రాసి ఉంది. కాగితాలన్నీ హీబ్రూ యూనివర్సిటీకే చెందాలని వీలునామాలో రాశారు, 1982లో అవి జెరూసలెం చేరాయి. ఈ స్టాప్ రాసినవాళ్ళే మెర్సర్ స్ట్రీట్ స్టాప్ కూడా రాసి ఉంటే నేను ఐదుకి నాలుగున్నర ఇచ్చేదాన్ని.

కొనాలా వద్దా అంటే, కొనండి. భౌతికశాస్త్రం రాకపోయినా ఇబ్బంది లేదు. పదేళ్ళ లోపు పిల్లలైతే రెండో స్టాప్‌కే మొహం మాడుస్తారు. మెర్సర్ స్ట్రీట్ వెళ్ళేముందు నవంబరు 18, 21 ఉత్తరాలు రెండూ ఫోన్‌లో దింపుకుని, మేజోళ్ళ దగ్గర ఆడియో ఆపి చదువుకోండి. వరండా ఎక్కి ఫోటోలు తీయకండి, ఎవరో కాపురముంటున్న ఇల్లు.

ఆ మిగిలిన అర స్టార్ సంగతి. జీపీఎస్ వీధికి అవతలి వైపు ఉంటే పట్టుకోదు, రెండుసార్లు రోడ్డు దాటాల్సి వచ్చింది. బ్యాటరీ బాగా తాగుతుంది, పవర్ బ్యాంక్ తెచ్చుకోండి. బాత్రూము పని ఊళ్ళోనే చూసుకోండి, మెర్సర్ స్ట్రీట్ తర్వాత దారిలో ఏమీ ఉండవు. మధ్యలో ఆగుతూ వెళ్తే రెండున్నర గంటలు పట్టింది. కారు డౌన్‌టౌన్ గరాజ్‌లో పెడితే మళ్ళీ అంత దూరమూ వెనక్కి నడవాలి, ఎందుకంటే టూర్ మొదలైన చోట ముగియదు. ఆ ముక్క కొనే పేజీలో ఎక్కడా రాయలేదు. పెద్దవాళ్ళతో వెళ్తే తిరుగు ప్రయాణానికి క్యాబ్ ముందే చూసుకోండి.